రాజుగారి వింటి ఉంగరం

కొండలకు ఈవల, ఏటికి ఆవల ఒకానొక రాజ్యం ఉండేది. గుండ్లసీమ అనేవారు. రాళ్ళు ఎక్కువ, వానలు తక్కువ. జొన్న పండేది. పండిన జొన్నలో సగం అడవిపందులు తినేవి, మిగిలినదాంట్లో సగం రాజుగారు తీసుకునేవారు. ఆ రాజుగారి పేరు చండవిక్రమ భూపతి. పేరు గట్టిదే, కుడిభుజం మాత్రం అంత గట్టిది కాదు. కథంతా ఆ భుజం చుట్టూనే తిరుగుతుంది కనుక ముందే చెప్పుకోవడం మంచిది.

ఆ సీమలో వేటకు ఒక కట్టడి ఉండేది. రాజుగారి తాత పెట్టిన కట్టడి. వానలు వెనకబట్టిన నాటి నుంచి చలి తగ్గేదాకా విల్లు మాసాలు. ఆ మాసాల్లో చేత్తో నారి లాగే విల్లుతోనే వేటాడాలి. అడ్డవిల్లు ముట్టరాదు. అడ్డవిల్లంటే కర్రదిమ్మెకు అడ్డంగా బిగించిన విల్లు. నడుముకు కట్టుకున్న కొక్కేనికి నారి తగిలించి, విల్లును కాలితో తొక్కిపట్టి నడుమెత్తితే చాలు, నారి బిగిసి కూచుంటుంది. ఆ పైన పొట్టి బాణం పెట్టి మీట నొక్కడమే. రెక్కబలం అక్కర్లేదు, ఏళ్ళ తరబడి సాధన అక్కర్లేదు. అందరూ అదే పట్టుకుంటే అడవిలో పిల్లమృగం కూడా మిగలదని ముసలిరాజు భయం.

మంచి కట్టడే. తెలిసినవాడు పెట్టింది. అందుకే దానికొక సడలింపు కూడా పెట్టాడు. ముసలివాళ్ళూ, భుజం దెబ్బతిన్నవాళ్ళూ ఏ మాసంలోనైనా అడ్డవిల్లు పట్టవచ్చు. వాళ్ళకూ కడుపుంటుంది కదా. మిగతావాళ్ళెవరైనా కట్టడి మీరితే అడ్డవిల్లు విరగ్గొట్టి, నాలుగు చివాట్లు పెట్టి పంపేవారు.

మనవడు గద్దెనెక్కాడు. ఎక్కిన ఏడే ఆ సడలింపు తీసేశాడు.

"విల్లు లాగలేనివాడికి మాంసం ఎందుకు?" అన్నాడు నిండు కొలువులో. కొలువు ఆహా అంది.

"ఇక మీదట విరగ్గొట్టేది అడ్డవిల్లును కాదు. దాన్ని పట్టినవాడి కుడి బొటనవేలు తీసేయండి" అన్నాడు. కొలువు మళ్ళీ ఆహా అంది. రాజుగారి కుడి బొటనవేలికి మాత్రం పెద్ద బంగారు వింటి ఉంగరం ఉండేది. నారి కోసుకోకుండా విలుకాళ్ళు పెట్టుకునేది ఆ ఉంగరం. విలుకాడి ఉంగరం మీద నారి రాపిడికి గాడి పడుతుంది. రాజుగారి ఉంగరం కంసాలి చేసిన నాడు ఎట్లా ఉందో అట్లాగే ఉండేది.

ఆ కొలువులో ఓబులప్ప అనే బోయవాడు ఒకడుండేవాడు. రాజుగారికి పొద్దుపోనప్పుడు మాటలు చెప్పి నవ్వించడం వాడి పని. అంతకుముందు వాడి పని అది కాదు. సీమలోకెల్లా మొదటి విలుకాడు వాడు. పట్టాభిషేకం నాడు తోరణానికి సొరబుర్ర వేలాడదీసి, ఊపి, కొట్టమన్నారు. రాజుగారి బాణం తోరణం దాటి పందిట్లోకి పోయింది. ఓబులప్ప బాణం సొరబుర్రను రెండు చెక్కలు చేసింది. జనం ఈలలు వేశారు. రాజుగారు కూడా నవ్వు మొహం పెట్టారు.

నెల తిరక్కముందే ఓబులప్ప ఇల్లు సోదా చేశారు. అటక మీద వాడి తాతనాటి అడ్డవిల్లు దొరికింది. నారి లేదు, మీట లేదు, సాలెగూళ్ళు పట్టి ఉంది. అవి విల్లు మాసాలు. "ముట్టరాదంటే ఇంట్లో ఉండరాదనే కదా అర్థం" అన్నాడు మంత్రి సోమయామాత్యుడు. ఓబులప్ప కుడి బొటనవేలు పోయింది.

వేలు పోయాక వాడికి నోరు మిగిలింది. జాతరలో వాడి మాటలు విని రాజుగారు పడీపడీ నవ్వి, కొలువులో పెట్టుకున్నారు. రోజూ ఎదురుగా కూచోబెట్టుకునే మనిషి చేతికి ఎన్ని వేళ్ళున్నాయో ఆయన చూడలేదు. ఓబులప్ప తనంతట తాను చెప్పలేదు. రాజుకు గుర్తులేని రోజు వాడికి పొద్దున లేస్తే గుర్తొచ్చేది, పంచె కట్టుకునేటప్పుడు, ముద్ద కలుపుకునేటప్పుడు.

ఇట్లా ఉండగా ఒక కార్తికంలో రాజుగారి కూతురికి సంబంధం కుదిరింది. కాబోయే వియ్యంకుడు పొరుగుసీమ రాజు. పొట్టిగా, దిట్టంగా, పెద్ద గొంతుతో మాట్లాడే మనిషి. మంచి విలుకాడని పేరు. ఆయన విడిదిలో దిగాడో లేదో చండవిక్రమ భూపతి వేటకు బయలుదేరాడు. "బావగారూ, మీరు అలసి ఉన్నారు. విశ్రాంతి తీసుకోండి. సాయంత్రానికి దుప్పిని తెచ్చి మీ ముందు పడేస్తాను" అన్నాడు.

రాజుగారి వేట ఎట్లా ఉండేదంటే, చెట్టు మీద మంచె, మంచె చుట్టూ తెర. లోపల రాజుగారు, ఆయుధాలు అందించే సేవకుడు, పొద్దుపోవడానికి ఓబులప్ప. బయట తప్పెట్లు కొడుతూ మృగాలను తోలే రైతులు. తెర లోపల ఏముండేదో ఇంకెవరికీ తెలియదు. ఓబులప్పకు తెలుసు. నల్లగుడ్డ కప్పిన అడ్డవిల్లు ఉండేది. దుప్పి పడ్డాక సేవకుడు ముందు పరుగెత్తి పొట్టిబాణం పీకి, అదే గాయంలో నిడుపాటి బాణం గుచ్చేవాడు. ఆ తర్వాతే మేళాలు మోగేవి. ఓబులప్ప చూసి ఊరుకునేవాడు. చెబితే ఈసారి పోయేది వేలు కాదు.

ఆ సాయంత్రం దుప్పితోపాటు రాజుగారు ఊళ్ళోకి వచ్చేసరికి ఓబులప్ప వాకిట్లో వాడి చెల్లెలు సుంకమ్మ కూచుని ఉంది. లేవలేదు. కళ్ళు తుడుచుకోలేదు.

"వచ్చినావా అన్నా. రాజుగారు బాగా నవ్వినారా ఈపొద్దు?"

"ఏమైందే?"

"నీ బావమరిదిని అడవితలారి కట్టేసుకుని పోయినాడు. అడ్డవిల్లుతో పందిని కొట్టినాడంట. రేపు కొలువులో వేలు తీస్తారంట. నువ్వు ఆడనే ఉంటావుగా. తీసేటప్పుడు ఏదన్నా ఒక మంచిమాట చెప్పు, అందరూ నవ్వుకుంటారు."

చెల్లెలి మొగుడు మద్దిలేటి రైతు. నిరుడు రాజుగారి వేటలో మృగాలను తోలడానికి లాక్కుపోతే, పంది ఎదురు తిరిగి బండ మీద పడేసింది. ఎడమభుజం విరిగింది. మంచె మీది నుంచి రాజుగారు "ఆగొద్దు, మృగం తప్పిపోతుంది" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఓబులప్ప ఆ పక్కనే కూచుని ఉన్నాడు. ఆ భుజం మళ్ళీ సరిగా అతకలేదు.

"వేలు పోతే నాగలి మేడి ఎట్లా పట్టుకుంటాడన్నా? ఉన్నది ఒక్క చెయ్యే కదా సరిగ్గా" అంది సుంకమ్మ. అప్పుడు ఏడ్చింది.

ఓబులప్ప చెరసాల కొట్టు దగ్గరికి పోయాడు. మద్దిలేటి గోడకు ఆనుకుని కూచుని ఉన్నాడు.

"కొట్టినవాడివి కొట్టినట్టు ఇంట్లోకి ఈడ్చుకుపోక, చేలో ఎందుకు కూచున్నావు? తలారికి కబురు పెట్టి మరీ కూచున్నావా?" అన్నాడు ఓబులప్ప కోపంగా.

"కొండదేవరకు విల్లు చూపకుండా ఎట్లా కోస్తాను బావా?"

ఆ సీమలో అది ఆచారం. మృగాన్ని పడేసినవాడు దాని పక్కన నిలబడి, కొండ వైపు తిరిగి, తన విల్లు చెవిదాకా ఒక్కసారి లాగి చూపాలి. అప్పటిదాకా కత్తి పెట్టరాదు. లాగలేకపోతే అయినవాళ్ళెవరైనా అతని తరఫున లాగాలి.

"లాగడానికి భుజం లేదు. ఎవడన్నా మనవాడు దారిన పోతే లాగించుకుందామని పందిని పెట్టుకుని కూచున్నా. నీకు కబురు పెట్టబోయినా బావా." మద్దిలేటి తల వంచుకున్నాడు. "నీ చేత ఎట్లా లాగించేది? ఆగిపోయినా."

ఓబులప్ప వాడి భుజం వంక చూశాడు. "రేపు నిన్ను ఎవరేమడిగినా నోరు మెదపవద్దు. రాజుగారికి కూడా దేవర ఉన్నాడు" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు కోట ముందర ఊరంతా చేరింది. నడిమధ్య దుప్పి. దాని డొక్కలో ఈకలు కట్టిన నిడుపాటి బాణం. ఒక పక్క కట్లతో మద్దిలేటి, పక్కన పీట, పీట మీద కత్తి. రాజుగారి ఆలోచన ఏమిటంటే, ముందు దుప్పిని చూపి తన విల్లు ఎట్లాంటిదో, తర్వాత వేలు తీయించి తన కట్టడి ఎట్లాంటిదో వియ్యంకుడికి చూపించాలని.

"చూశారా బావగారూ! ఒక్కటే బాణం" అన్నాడు రాజు.

"భేష్! ఎంత దూరం?"

"దూరమా? ఎంత దూరమని చెప్పను... ఒరే ఓబులూ, నువ్వు చెప్పు. మా నోటితో మేము చెప్పుకుంటే బాగుండదు."

ఇంతకంటే ఓబులప్పకు కావలసింది ఏముంది! లేచి, నడుము వంచి దండం పెట్టి అందుకున్నాడు.

"ఏం చెప్పమంటారు ప్రభూ! ఏలినవారు నారి లాగుతుంటే మంచె కిర్రుమంది. చెట్టు కిర్రుమంది. చెట్టు మీది కాకులు గూళ్ళు వదిలిపెట్టి పొరుగు రాజ్యానికి వలసపోయాయి. దొరవారి సీమలో కాకులు ఎక్కువయ్యాయని కబురేమీ రాలేదా?"

వియ్యంకుడు పెద్దగా నవ్వాడు. రాజుగారు మీసం దువ్వుకున్నారు.

"కానీ ప్రభూ, ఒక్క ముచ్చట మిగిలింది. కత్తి పెట్టకముందు కొండదేవరకు విల్లు చూపాలి కదా. ఎప్పుడూ మేళాల హడావుడిలో ఆ ముచ్చట జరగనే జరగదు. ఈరోజు దొరవారి అదృష్టం" అని ఆ ఆచారమంతా వియ్యంకుడికి వివరంగా చెప్పాడు.

"చూడవలసిందే!" అని వియ్యంకుడు లేచి నిలబడ్డాడు. "బావగారి విల్లు లాగుడు చూడకుండా నేను ముద్ద ముట్టను."

జనం కూడా కదిలారు. దేవర మాట వచ్చేసరికి బోయలంతా ముందుకు జరిగారు. వద్దనడానికి వీల్లేదు. వెండితొడుగుల విల్లు తెచ్చారు. రాజుగారు దుప్పి పక్కన నిలబడి నారి పట్టారు. లాగారు. మెడనరాలు పొంగాయి, కిరీటం పక్కకు ఒరిగింది. చెవిదాకా రావలసిన నారి జానెడైనా రాలేదు. మళ్ళీ లాగారు. ఈసారి విల్లే ఆయన వైపు వచ్చింది.

ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

మంత్రి సోమయామాత్యుడు పరుగెత్తుకొచ్చాడు. "ప్రభువులకు భుజం నొప్పి. బాధపెట్టకూడదు."

"అయ్యయ్యో! ఎప్పటి నుంచి?" అన్నాడు వియ్యంకుడు.

చిన్న నొప్పి అంటే చాలదనుకున్నాడేమో మంత్రి, "నిరుటి నుంచి" అనేశాడు.

"నిరుటి నుంచా? మరి నిన్న ఈ దుప్పిని ఎట్లా కొట్టారు?"

వియ్యంకుడు అడిగింది ఎగతాళికి కాదు. ఆయనకు నిజంగానే తెలియక అడిగాడు. మంత్రి రాజు వంక చూశాడు. రాజు నేల వంక చూశాడు. ఆయుధాలందించే సేవకుడు మెల్లగా స్తంభం చాటుకు పోయాడు.

అప్పుడు ఓబులప్ప వచ్చి రాజుగారి కాళ్ళ ముందు సాగిలపడ్డాడు.

"క్షమించాలి ప్రభూ. ఇంక నేను దాచలేను."

రాజుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఒరే ఓబులూ..." అన్నారు.

"దాచలేను! తమ గొప్పతనం తాము దాచుకుంటే దాచుకోండి, నేను మాత్రం దాచలేను. దొరవారూ, వినండి. మా ప్రభువులకు నిరుడు వేటలో భుజం దెబ్బతింది. ప్రజలు దుఃఖపడతారని ఎవరితోనూ అనలేదు. ఈ సీమలో తాతగారి నాటి కట్టడి ఒకటుంది. భుజం దెబ్బతిన్నవాడు విల్లు మాసాల్లో కూడా అడ్డవిల్లు పట్టవచ్చు. ఆ కట్టడి ప్రకారమే ప్రభువులు నిన్న అడ్డవిల్లుతో దుప్పిని కొట్టారు. అందులో తప్పేముంది? నొప్పితో ఉండి కూడా అతిథికి మాంసం పెట్టాలనుకున్నారు చూడండి, అదీ మర్యాద!"

"ఔనా బావగారూ? ఆ మాట నాతో అంటే నేనే పోయి తెచ్చేవాణ్ణి కదా!" అన్నాడు వియ్యంకుడు.

రాజుగారికి ఊపిరి తిరిగింది. "ఏదో... చెప్పుకోవడం ఎందుకని..." అన్నారు.

ఓబులప్ప లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు.

"ఇంకొక్క మాట ప్రభూ. ఆ సడలింపు ఏలినవారు తీసేశారని ఊళ్ళో పుకారు ఉంది."

మంత్రి నోరు తెరవబోయాడు. ఓబులప్ప ఆయన వైపు తిరిగాడు.

"అమాత్యులవారు చెప్పండి. తీసేసి ఉంటే, నిన్న ప్రభువులు కట్టడి మీరినట్టు అవుతుంది కదా. కట్టడి మీరినవాడికి శిక్ష ఏమిటో ఆ పీట మీదే ఉంది. అంత మాట మీరు అనగలరా?"

సోమయామాత్యుడు పీట వంక చూసి నోరు మూసుకున్నాడు.

"తీసేయలేదు!" అన్నారు రాజుగారు గట్టిగా. "ఎవడురా తీసేశాడన్నది?"

"అయితే ఉన్నట్టేనా ప్రభూ?"

"ఉన్నట్టే!"

"ఎప్పటి నుంచి ప్రభూ?"

"ఎప్పటి నుంచో ఏమిటి? తాతగారి నాటి నుంచీ ఉంది! ఎన్నడూ తీసేయలేదు!"

జనంలో వెనక వరుసలో ఒక ముసలి కుమ్మరి నిలబడి ఉన్నాడు. ఆ మాట విని తన కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. సారె మీద మట్టిని నిలబెట్టలేక కుండలు మానేసిన చెయ్యి అది. వేలు తీసేనాటికే అతను విల్లు లాగలేని ముసలివాడు. "ఎన్నడూ తీసేయలేదంట" అన్నాడు పక్కనున్నవాడితో. పక్కనున్నవాడు తన చెయ్యి పంచెలో దోపుకున్నాడు.

ఓబులప్ప అది చూశాడు. చూసి కూడా నవ్వుమొహం చెదరనివ్వలేదు. పని ఇంకా కాలేదు.

"అయితే ప్రభూ, ఈ మద్దిలేటి భుజం కూడా నిరుడు ఏలినవారి వేటలోనే విరిగింది. తోలినవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు, అడగండి. తమ భుజానికి ఏ కట్టడో వీడి భుజానికీ అదే కట్టడి కదా?"

తోలిన రైతులు "ఔను ఔను" అన్నారు. వియ్యంకుడు తల ఊపాడు. "అదీ న్యాయమే. పాపం, విప్పండి" అన్నాడు. అప్పటికి గానీ చండవిక్రమ భూపతికి తాను ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలియలేదు. తెలిసి ఓబులప్ప వంక చూశాడు. ఆ చూపుకు ఇంకొకడైతే బెదిరిపోయేవాడు. ఓబులప్ప చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు.

ఇంతలో వియ్యంకుడు, "బావగారి తరఫున నేను లాగుతాను. నేనూ అయినవాణ్ణే కదా!" అంటూ విల్లందుకుని, కొండ వైపు తిరిగి, నారిని చెవిదాకా లాగి వదిలాడు. నారి మోత కోటగోడకు తగిలి తిరిగొచ్చింది. మేళాలు మోగాయి. జనం ఈలలు వేశారు. వియ్యంకుడు విరగబడి నవ్వాడు. ఆయన నవ్వాడు కనుక రాజుగారు కూడా నవ్వారు. నవ్వడం మొదలుపెట్టాక, అంతా తాను తలపెట్టినట్టే జరిగిందని రాజుగారికి తోచింది. రాజులకు అట్లా తోచడానికి ఎంతోసేపు పట్టదు.

మద్దిలేటి కట్లు విప్పారు. వాడు ముందుగా తన వేలే తడిమి చూసుకున్నాడు. సుంకమ్మ జనంలోంచి వచ్చి, మొగుణ్ణి చెయ్యి పట్టి లాక్కుపోయింది. పోతూ అన్న వంక ఒక్కసారి చూసింది. నిన్న వాకిట్లో తాను దెప్పిన మాటకు ఆ చూపే సరిపోయింది.

"ఒరే ఓబులూ! నువ్వు లేకపోతే నా కొలువు కొలువే కాదురా. ఇట్లా రా" అన్నారు రాజుగారు. వియ్యంకుడు చూస్తున్నాడు కదా, చెయ్యి పెద్దది చేయాలి. కుడిచేతి వింటి ఉంగరం ఊడదీశారు. "ఇదిగో. నా తండ్రి నాకిచ్చిన ఉంగరం. విలుకాళ్ళు పెట్టుకునేది. ఈరోజు నుంచి నీది. పెట్టుకో!"

ఓబులప్ప కుడిచెయ్యి చాచాడు. నాలుగు వేళ్ళ అరచేతిలో ఆ బంగారు ఉంగరం పడింది.

మేళగాళ్ళు ఆపేశారు. జనంలో తెలియనివాడు లేడు. కుమ్మరికి తెలుసు. మంత్రికి తెలుసు, ఆయన పక్కకు తిరిగాడు. ఆనాడు కత్తి పట్టినవాడు ఇప్పుడూ పీట దగ్గరే ఉన్నాడు, వాడికి ఇంకా బాగా తెలుసు. రాజుగారొక్కరే నవ్వుమొహంతో, "పెట్టుకోరా, సిగ్గుపడతావేం?" అంటున్నారు.

ఓబులప్ప చెయ్యి ఇంకొంచెం ముందుకు చాచి, రాజుగారి కళ్ళ ముందు పెట్టాడు.

"ఉంగరం దయచేశారు ప్రభూ. ఆ చేత్తోనే వేలు కూడా దయచేయించండి, పెట్టుకుంటాను."

రాజుగారు ఆ చెయ్యి చూశారు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. చూసి, పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"విన్నారా బావగారూ! వేలు కూడా నేనే ఇవ్వాలట! వీడి నోటికి అడ్డులేదు! ఇంతకీ ఏమైందిరా నీ వేలు?"

"ఎక్కడో పోగొట్టుకున్నాను ప్రభూ" అన్నాడు ఓబులప్ప.

"జాగ్రత్తగా ఉండాలిరా!" అని రాజుగారు మళ్ళీ నవ్వారు. కొలువు ఆహా అంది.

సడలింపు ఆ నాటి నుంచి మళ్ళీ నడిచింది. ముసలివాళ్ళూ, భుజాలు పోయినవాళ్ళూ విల్లు మాసాల్లో అడ్డవిల్లు పట్టి, అయినవాళ్ళ చేత దేవరకు విల్లు చూపించుకుని, పందిమాంసం తిన్నారు. అది ఓబులప్ప సంపాదించిపెట్టింది. పోయిన వేళ్ళు మాత్రం పోయినట్టే ఉండిపోయాయి.

ఆ ఉంగరాన్ని కరిగించి చేతికి మురుగులు చేయించుకోమని ఊళ్ళో అందరూ చెప్పారు. ఓబులప్ప వినలేదు. నల్లతాడుకు కట్టి మెడలో వేసుకుని, కొలువుకు పోయినప్పుడల్లా రాజుగారికి ఎదురుగా, కనపడేటట్టు కూచునేవాడు. గాడి పడని ఉంగరం, రొమ్ము మీద మెరుస్తూ ఉండేది.

రాజుగారు దాన్ని చూసినప్పుడల్లా ఆ రోజు గుర్తొచ్చి నవ్వేవారు. ఓబులప్పకు కూడా ఒక రోజు గుర్తొచ్చేది. అది వేరే రోజు.